వేళ్ళకి ముందే తెలుసు

పలాసలో పిక్క కొట్టే ఆడవాళ్ళం.
జీడినూనె తినేసిన వేళ్ళు మావి,
ఆధార్ మిషను మీద పెడితే
అసలు మనిషే లేదంటుంది.

ఆ వేళ్ళే
పొట్టు తియ్యకముందు చెప్పేస్తాయి
ఏది గుండు, ఏది బద్ద,
ఏది పైకి నున్నగా ఉండి లోపల పుచ్చిందో.
పదిహేడేళ్ళ పని. కళ్ళతో అవసరం లేదు.

అందుకే చవితి ముందురోజు
సబ్బు చెయ్యి ఎడమ రొమ్ము మీద ఆగిపోతే
వేళ్ళు అప్పుడే అన్నాయి:
ఇది పప్పు కాదు, పిక్క.
కదలట్లేదు. అంచు సరిగా లేదు.

నేనే వినలేదు.
నూనె చుక్క పడి తోలు లేస్తే అది నొప్పి.
చంటిదాని పాలు గడ్డకడితే అది నొప్పి.
నొప్పెట్టని దాన్ని
రోగమని ఎవరు పిలుస్తారు?

దసరా ఆర్డర్లు, ఆపైన దీపావళి.
మూడు నెలలు దాన్ని జాకెట్టులో పెట్టుకు తిరిగాను
దొంగసొమ్ములా.
చెప్పడానికి మాట కూడా లేదు నా దగ్గర.
"గుండెల కాడ ఏదో" అంటే
కూర్మారావు గ్యాసు బిళ్ళ తెచ్చాడు.

ఆశా వర్కరు సైలాడ రోహిణి
భోజనాల వేళ షెడ్డుకొచ్చింది.
మేస్త్రీని బయటికి పంపి తలుపేసింది.
బొమ్మలేం తేలేదు. మూడు చపాతీ పిండి ముద్దలు,
ఒకదాన్లో పిక్క.
"కళ్ళు మూసుకుని చెప్పండి, ఏది?"
ఇరవై ఆరుమందిమి. ఒక్కరం తప్పలేదు.

"ఇంత తెలిసిన వేళ్ళు
మీ ఒంటి మీద ఎందుకు పెట్టరే?
నెలకోసారి, ముట్టు ఆగిన కొన్నాళ్ళకి,
చంకలో కూడా.
తోలు బత్తాయి తొక్కలా గుంటలు పడినా
మొన లోపలికి పోయినా, చెమ్మ కారినా రండి.
ప్రతి గడ్డా అదే కాదు.
కాదని తేల్చాల్సింది మాత్రం మీరు కాదు."

దాలమ్మ ఊరుకుంటుందా,
"పాలిచ్చినోలికి రాదంతారు గదే?"
"తక్కువ. రాదని కాదప్పా."
"అంటుకుంతాదా?"
"అంటుకోదు."
"మరెవలి పాపమే ఇది?"

రోహిణి వెంటనే మాట్లాడలేదు.
ముద్దలోంచి పిక్క తీసి కొంగుతో తుడిచింది.
"చెట్టు ఏ పాపం చేసిందని
పిక్క పుచ్చుతాదప్పా?"

అప్పుడన్నాను, నాకుంది, అని.

తెల్లారి బండికి విశాఖ. సూది పరీక్ష.
కాగితం మా పెద్దది చదివింది
చదువుతూ ఒకచోట ఆగింది.
ఆ ఆగిన చోటు నాకు అర్థమైంది.

తీసేశారు. చంకలో గడ్డలూ తీశారు.
తర్వాత మందు, ఆరుసార్లు.
జుట్టు దువ్వెనతో రాలేదు, తలగడతో వచ్చింది.
"సింహాచలం మొక్కా?" అందొకావిడ రైల్లో.
అవునన్నాను.
అబద్ధం అనిపించలేదు.

ఎడమ చెయ్యి కాలకూడదు, తెగకూడదు, వాచిపోతుందన్నారు.
ఇక పిక్క కొట్టను.
గ్రేడింగు బల్ల నాది.

దాలమ్మ పాత లంగా గుడ్డతో
చోళ్ళ సంచి కుట్టింది, జాకెట్టులో ఖాళీ వైపుకి.
షెడ్డు కాటా మీద పెట్టింది.
రెండొందల పది గ్రాములు.
"తూకం సరిపోనాదో నేదో
ఆ రెండోది కూడా పెట్టే, సూద్దుం!"
షెడ్డంతా నవ్వింది. కుట్లు లాగేలా
నేనూ.

నెలకోసారి తలుపేసుకుని
కుడివైపు వెతుకుతాను.
మచ్చ పొడుగునా కూడా.
వేళ్ళు ఏమీ అనవు.
అవి ఏమీ అనకపోవడం
ఇంకాసేపు వింటాను
చెంబు చేత్తో పట్టుకుని,
నీళ్ళు చల్లారిపోతున్నా.